కంటికి దూరమైన వారితో ఒకే ఆత్మలో: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో మూడు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. వాటిని ఒకచోట చేర్చి జవాబు రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను. రాసినవారి పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మాది గుంటూరు, బ్రాడీపేట. నేను ఉపాధ్యాయురాలిగా పనిచేసి రిటైరయ్యాను. మూడు తరాలుగా మాది లూథరన్ కుటుంబం. మా అమ్మాయి నర్సు. రెండేళ్ల క్రితం ఉద్యోగం మీద ఇంగ్లండు వెళ్లింది. మొదటి ఏడాది మన సంఘ ఆరాధనను యూట్యూబులో తప్పకుండా చూసేది, ఆదివారం రాత్రి ఎనిమిది గంటలకు వీడియో కాల్‌లో మాతో కుటుంబ ప్రార్థనకు కూర్చునేది. ఇప్పుడు తన ఇంటికి దగ్గరలో ఉన్న ఒక ఇంగ్లీషు సంఘానికి వెళుతోంది. అది మన శాఖ కాదు. కుటుంబ ప్రార్థనకు నెలలో ఒకటి రెండు సార్లే కలుస్తోంది. గట్టిగా అడిగితే “నీకు అర్థం కాదులే అమ్మా” అంటోంది. స్త్రీల సమాజంలో అడిగేవారికి ఏం చెప్పాలో తెలియడం లేదు. అంత దూరాన ఉన్న బిడ్డ విశ్వాసం జారిపోకుండా మేమేం చేయాలి? శరీరవిషయంలో దూరంగా ఉన్నా ఆత్మవిషయంలో మీతో ఉన్నానని పౌలు రాసిన మాట మాలాంటి వారికి వర్తిస్తుందా?

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదే ముందు తీసుకుంటాను. ఎందుకంటే మిగిలినదంతా దానిలోనే ఉంది. ఆ మాట బైబిలులో, అపొస్తలుడైన పౌలు కొలొస్సయులకు రాసిన పత్రిక (ఉత్తరం) రెండో అధ్యాయం ఐదో వచనంలో ఉంది. కొలొస్సయి నేటి టర్కీలోని లైకస్ నది లోయలో, లవొదికయ, హియెరాపొలి పట్టణాల పక్కన ఉండిన ఊరు. ఆ ఊరివారు పౌలు ముఖమైనా చూడలేదని అదే అధ్యాయం మొదటి వచనం చెబుతోంది. వారికి సువార్త చెప్పింది ఎపఫ్రా. పౌలు అప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. పత్రికను తుకికు చేతికిచ్చి, ఒనేసిమును తోడు పంపించాడు. అంటే మనం ఎంతో సొంతంగా, ఒక తల్లి బిడ్డకు రాసుకున్నట్టుగా చదువుకునే ఆ వాక్యం, ఒకరినొకరు ఎన్నడూ చూసుకోని మనుషుల మధ్య నడిచింది.

ఆ వచనంలో పౌలు దేనికి ఆనందిస్తున్నాడో ఒకసారి నిదానంగా చూడండి. వారు తన మీద బెంగ పెట్టుకున్నారని కాదు, తన మాట దాటడం లేదని అంతకన్నా కాదు. మన తెలుగు బైబిలులో “యోగ్యమైన ప్రవర్తన” అని ఉన్నచోట గ్రీకులో ఉన్న మాటకు వరుస తప్పకుండా నిలబడటం అనే అర్థం ఉంది. ఆ వరుస, దానితో పాటు క్రీస్తునందు వారికున్న స్థిరవిశ్వాసం, ఈ రెండే అతని ఆనందానికి కారణాలు. తాను లేకుండానే వారు నిలబడ్డారన్న వార్త విని సంతోషించిన మనిషి రాసిన మాట అది. కాబట్టి అది మీకు వర్తిస్తుందా అంటే, వర్తిస్తుంది. అయితే మీరు అనుకున్న వైపు నుంచి కాకపోవచ్చు.

అదే పత్రిక నాలుగో అధ్యాయంలో పౌలు దగ్గర ఉండి వందనాలు పంపినవారి పేర్లు ఆరు ఉన్నాయి. అరిస్తార్కు, మార్కు, యూస్తు అనబడిన యేసు, ఎపఫ్రా, లూకా, దేమా. ఈ చివరి పేరు దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. దేమా పౌలు పక్కనే కూర్చుని, అతని గొంతు వింటూ, అతనితో కలిసి ప్రార్థన చేసినవాడు. తరువాత తిమోతికి రాసిన రెండో పత్రికలో అతడు ఇహలోకమును స్నేహించి తనను విడిచి వెళ్లాడని పౌలే రాయవలసి వచ్చింది. పక్కన ఉన్నవాడు జారిపోయాడు, ముఖం చూడనివారు నిలబడ్డారు. దగ్గరితనం విశ్వాసానికి హామీ అయితే ఇలా జరగకూడదు గదా! ఇది చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. బ్రాడీపేటలో మీ కళ్ల ముందు ఉంటేనే మీ అమ్మాయి క్షేమమన్న ఊహను కాస్త సడలించుకొమ్మని చెప్పడానికే.

ఇక ఆమె ప్రార్థనకు కూర్చోకపోవడం సంగతి. మన రాత్రి ఎనిమిది గంటలు ఇంగ్లండులో చలికాలంలో మధ్యాహ్నం రెండున్నర, ఎండాకాలంలో మూడున్నర. ఆసుపత్రిలో పన్నెండు గంటల డ్యూటీలు మామూలే. ఆదివారం పగటి డ్యూటీ పడితే ఆ వేళకు ఆమె వార్డులో ఉంటుంది. ముందు రాత్రి డ్యూటీ చేసి ఉంటే అది నిద్ర వేళ. “నీకు అర్థం కాదులే” అన్న మాట వెనుక విశ్వాసం సడలడం కన్నా అలసట ఎక్కువ ఉందేమో చూడండి. నాకు తెలిసిన ఒక ఇంట్లో ఇలాంటి ప్రార్థనకు నేనూ కూర్చున్నాను. స్టీలు గ్లాసుకు ఆనించిన ఫోను, దాని ముందు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. తల్లిదండ్రులు పల్లవి అందుకునేసరికి అవతల కొడుకు గొంతు అర క్షణం ఆలస్యంగా వస్తోంది, చరణం చివరికి ఎవరి దారి వారిదైంది. చివరకు అతడు మ్యూట్ చేసుకుని పెదవులు మాత్రం కదిపాడు. ఆ తల్లికి అతడు పాడటం లేదని కోపం వచ్చింది. అతడు పాడుతూనే ఉన్నాడు, ఆమెకు వినపడలేదంతే. వేళ మార్చండి. ఆమె డ్యూటీ చార్టును అడిగి తెప్పించుకోండి. వారానికి అందరూ కలిసే ఒక పావుగంట దొరికినా చాలు.

యూట్యూబు ఆరాధన విషయంలో నా అభిప్రాయం కొందరికి రుచించదు. ఊరు కాని ఊరు వెళ్లిన మొదటి నెలల్లో అది మంచి ఊతం. ఏళ్ల తరబడి అదే సంఘం కాకూడదు. తెర ముందు నుంచి మీరు మధ్యలో లేచి వెళ్లిపోయినా గమనించేవారు ఉండరు, రెండు వారాలు కనపడకపోతే తలుపు తట్టేవారు ఉండరు. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రిక చెప్పిన చోట, దానితో కలిపి ఒకరినొకరు పురికొల్పుకోవాలని కూడా ఉంది. పురికొల్పడానికి ఎదురుగా మనిషి ఉండాలి. మీ అమ్మాయి యూట్యూబు మాని ఇంటి దగ్గరి సంఘానికి నడిచి వెళుతోందంటే, నా లెక్కలో ఆమె ఒక మెట్టు పైకి ఎక్కింది.

“అది మన శాఖ కాదు” అన్నారు. గుంటూరు లూథరన్ పిల్లను విజయవాడ సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఇంటికి కోడలుగా పంపినప్పుడు మనం ఎవరమైనా ఆమె విశ్వాసం జారిపోయిందని అంటున్నామా? పెళ్లినాటికి లూథరన్, వారధి దాటి ఆ తరువాతి ఆదివారానికి సీఎస్ఐ. ఎవరూ ఒక్క మాట అనరు, సంఘ బదిలీ ఉత్తరం ఇచ్చి దీవించి పంపుతాం. గుంటూరు లూథరన్లకూ, బందరు నుంచి బెజవాడకు విస్తరించిన సీఎంఎస్ (ఇంగ్లండుకు చెందిన చర్చి మిషనరీ సొసైటీ) వారికీ, ఒంగోలు బాప్టిస్టులకూ మధ్య ఉన్న సరిహద్దులు చాలావరకు మిషనులు పనిచేసిన ప్రాంతాలను బట్టి ఏర్పడినవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు మన లూథరన్లు అందులో చేరకపోయినా, ఆ తరువాత పెళ్లి సంబంధాలు ఆగలేదు. కృష్ణ దాటితే చెల్లేది సముద్రం దాటితే చెల్లకూడదన్న నియమం ఏదీ నాకు కనపడదు. అయితే ఆ సంఘం ఏం బోధిస్తుందో తెలుసుకోవలసిన బాధ్యత మీకు ఉంది. క్రీస్తు ఎవరని, రక్షణ ఎలాగని వారు చెబుతున్నారో ఆమెనే అడగండి. పోలీసు విచారణలా కాకుండా, తెలుసుకోవాలన్న ఆసక్తితో అడగండి.

మీ స్త్రీల సమాజం గురించి ఒక మాట. అడిగేవారికి ఏం చెప్పాలని అన్నారు గదా, ఇది చెప్పండి. 1883లో గుంటూరులో దిగిన అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్‌ను పంపినదీ, ఆమె పనిని పోషించినదీ సముద్రం అవతల ఉన్న స్త్రీల సమాజమే. ఆ స్త్రీలలో అత్యధికులు గుంటూరు ఏ మూల ఉందో చూడకుండానే కన్నుమూసి ఉంటారు. వారి కానుకలతో, ప్రార్థనలతో 1898లో తెరుచుకున్న ఆసుపత్రిలో మన ఇళ్లలోని ఎందరో పుట్టారు. డాక్టరమ్మ కూడా తన ఇంటినీ తన సొంత సంఘాన్నీ విడిచి వచ్చి, తెలుగు నేర్చుకుని మన సంఘంలో కూర్చుని, 1930లో ఇక్కడే కన్నుమూశారు. ఆమె తల్లిని అక్కడ ఎవరైనా “మీ అమ్మాయి మన గుడికి రావడం లేదే” అని అడిగి ఉంటే ఎలా ఉంటుంది? ఇప్పుడు ఇక్కడి నుంచి ఒక నర్సు అటు వెళ్లింది.

దూరం అంటే మన పూర్వులకు తెలిసినంతగా మనకు తెలియదు. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ అంతకు ముందటి ఏడాది అమెరికాలో ఓడ ఎక్కినవారు. ఇక్కడి నుంచి ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి నెలలు పట్టిన రోజులవి. ఆయన కూడా ఒక్క బిగిన ఇక్కడ ఉండలేదు. 1857లో తిరిగి వెళ్లి, పన్నెండేళ్ల తరువాత, రాజమండ్రి మిషనును వేరొక సొసైటీకి అప్పగించబోతున్నారని విని, డెబ్బై ఐదేళ్లు దాటిన వయసులో 1869లో మళ్లీ వచ్చారు. ఆ పన్నెండేళ్లూ ఆయన మనసు ఎక్కడ ఉందో చెప్పడానికి ఆ ప్రయాణం ఒక్కటి చాలు.

మా నాన్నగారు నేను హాస్టల్లో చదువుకునే రోజుల్లో పదిహేను రోజులకు ఒక ఇన్‌లాండ్ ఉత్తరం రాసేవారు. అందులో నా చదువు గురించి రెండు వాక్యాలు ఉండేవి. మిగిలినదంతా పేర్లే. ఫలానా ఆమెకు కాన్పు దగ్గరపడింది, ఫలానా పెద్దాయన కన్ను ఆపరేషను శుక్రవారం, ఫలానా వారి అబ్బాయి మళ్లీ తాగుతున్నాడు, ప్రార్థన చెయ్యి. చోటు చాలక అంటించే మడత మీద కూడా ఇద్దరు ముగ్గురి పేర్లు ఇరికించేవారు. కవరు చింపేటప్పుడు సరిగ్గా ఆ పేర్లే చిరిగిపోయేవి. ఆ ముక్కలు పక్కపక్కన పెట్టి చదువుకునేవాణ్ని. నన్ను ఆ సంఘానికి కట్టి ఉంచింది “చర్చికి వెళుతున్నావా” అన్న ప్రశ్న కాదు, ఆయన ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఆ పేర్ల కోసం ప్రార్థన చేయవలసిన పని నాకు అప్పగించారు, అదే కట్టి ఉంచింది.

మీరు కూడా ప్రశ్న మార్చండి. వెళ్లావా, చదివావా అని హాజరు తీసుకోకుండా, మీ సంఘంలో ఎవరికి బాగాలేదు, మేము ఎవరి కోసం ప్రార్థించాలి అని అడగండి. ఆమె చెప్పే ఇంగ్లీషు పేర్లు మీ నోటికి తిరగకపోయినా ఫరవాలేదు, కాగితం మీద తెలుగులో రాసుకుని ప్రార్థనలో చదవండి. తరువాతి వారం ఆ మనిషికి ఎలా ఉందని అడగండి. ఎపఫ్రా కొలొస్సయివాడే, సొంత ఊరికి దూరంగా ఉండి తనవారి కోసం ప్రార్థనలలో పోరాడుతున్నాడని పౌలు రాశాడు. వారు నిలుకడగా ఉండాలన్నదే అతని ప్రార్థన. మీ అమ్మాయి మీకు ఎపఫ్రా కావచ్చు, మీ సంఘంలోని వారి పేర్లు ఆమెకూ పంపండి. ఆరు నెలలు ఇలా చేసిన తరువాత కూడా ఆమె ఏ సంఘం పేరూ, ఏ మనిషి పేరూ చెప్పలేకపోతే, అప్పుడు నాకు మళ్లీ రాయండి.

ప్రశ్న: మాది విజయవాడ, పటమట ప్రాంతంలో ఒక చిన్న సంఘం. నేను సంఘ పెద్దను. మందిరం శ్లాబు కారుతుంటే, మా దగ్గర పెరిగి అమెరికాలో, గల్ఫులో స్థిరపడిన కొందరు డబ్బు పంపారు. ఇప్పుడు రేకులు వేయాలా, శ్లాబు తిరిగి పోయాలా అన్నది తామే నిర్ణయిస్తామని వాట్సాప్ గ్రూపులో పట్టుబడుతున్నారు. “డబ్బిస్తే పెత్తనమా” అని మావాళ్లు ఒక మాట అన్నారు. అంతకు ముందు ప్రార్థన విన్నపాలు వచ్చే ఆ గ్రూపులో ఇప్పుడు ఎవరూ నోరు విప్పడం లేదు. ఐక్యత అని రోజూ ప్రసంగించే మేము ఏం చేయాలి?

జవాబు: అయ్యా, వాన వచ్చినప్పుడు ఏ బెంచీ మీద చినుకు పడుతుందో తెలిసినవారు దానిని నిర్ణయించాలి. ఇది నా మాట. అయితే పంపినవారిని నోరు మూసుకొమ్మనడానికి దీనిని వాడకండి. కొరింథు సంఘానికి కూడా పౌలు దేహవిషయంలో దూరంగా ఉన్నా ఆత్మవిషయంలో మీతో ఉన్నానని రాశాడు. అక్కడ అది ఓదార్పు మాట కాదు, ఒక తప్పును సరిదిద్దమని గట్టిగా చెప్పిన మాట. కాబట్టి దూరాన ఉన్నవారికి అభిప్రాయం చెప్పే హక్కు ఉంది. అక్కడే, మీరు కూడివచ్చినప్పుడు ఆ పని చేయండని అతడు నిర్ణయాన్ని కూడుకున్న సంఘం చేతిలోనే పెట్టాడు.

డబ్బు విషయంలో మీ ఇద్దరికీ ఒక పాఠం ఉంది. యెరూషలేములోని పేదల కోసం మాసిదోనియ, అకయ సంఘాలు కానుక పోగు చేసినప్పుడు దానిని పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. సంఘాలు ఏర్పరచిన మనిషిని వెంట తీసుకున్నాడు. ఇంత పెద్ద మొత్తం విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకుండా ఈ జాగ్రత్త అని రెండో కొరింథీ పత్రిక ఎనిమిదో అధ్యాయంలో విప్పి చెప్పాడు. అపొస్తలుడే లెక్క చూపించాడు. మీ మీద అనుమానం ఉందని కాదు, అడగకముందే లెక్క అందితే సగం గొడవలు పుట్టవు. ఇద్దరు మేస్త్రీల దగ్గర అంచనాలు తీసుకుని, కారుతున్న చోట ఫోటోలతో సహా గ్రూపులో పెట్టండి. సంఘ సమావేశంలో తీర్మానం చేసి ఆ కాగితాన్ని కూడా పంపండి. తరువాత ఖర్చు బిల్లులు. ఇంత కనపడితే రేకులా శ్లాబా అన్న పట్టుదల చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది, ఎందుకంటే వారు అడుగుతున్నది పెత్తనం కన్నా తాము ఇంకా ఈ సంఘం మనుషులమేనన్న భరోసా అయి ఉండవచ్చు.

ఒక చట్టపు సంగతి కూడా గమనించండి. భారత పౌరసత్వం ఉన్నవారు విదేశంలో సంపాదించిన తమ సొంత సొమ్మును బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. పౌరసత్వం మార్చుకున్నవారు పంపితే వస్తుంది, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. దానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి, 2020 సవరణ తరువాత ఆ సొమ్ము న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. అమెరికా నుంచి వచ్చినదంతా ఒకటే అనుకోకుండా ఆడిటరును కలవండి.

ఇక “డబ్బిస్తే పెత్తనమా” అన్న మాటను అన్నవారే వెనక్కు తీసుకోవాలి, అది గ్రూపులోనే జరగాలి. డబ్బు చర్చకు వేరే గ్రూపు పెట్టి, పాత గ్రూపును ప్రార్థనకే వదిలేయండి. అందులో మొదటి విన్నపం మీదే అయితే మంచిది.

ప్రశ్న: మంగళగిరి నుంచి రాస్తున్నాను. మా నాన్నగారు పక్షవాతంతో మంచం పట్టి ఏడాది దాటింది. సంస్కారపు (ప్రభువు బల్ల) ఆదివారం నాడు టీవీలో ఆరాధన చూస్తూ, రొట్టె, ద్రాక్షరసం మేమే సిద్ధం చేసుకుని ఆయనకు ఇవ్వవచ్చా?

జవాబు: బాబూ, దీని మీద సంఘాలు ఒక మాట మీద లేవు. మీ సంఘం నియమం మీ అయ్యగారే చెప్పాలి. నాకు నచ్చిన దారి మాత్రం పాతది. రెండో శతాబ్దం మధ్యలో రోములో ఉన్న జస్టిన్ అనే విశ్వాసి, తన కాలపు ఆదివారపు ఆరాధన ఎలా జరిగేదో రాసి పెట్టాడు. కూడుకున్నవారు రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకున్న తరువాత, రాలేకపోయిన వారికి డీకన్లు (సంఘ పరిచారకులు) వాటిని తీసుకువెళ్లి ఇచ్చేవారట. టీవీ ఉన్నా లేకున్నా ఒక మనిషి ఆ ఇంటి దాకా నడిచి వెళ్లడమే నాకు అందులో నచ్చిన సంగతి. ఏడాదిగా ఎవరూ రాలేదన్న నొప్పి మీ ఉత్తరంలో రాయకపోయినా తెలుస్తోంది. చాలాసార్లు అయ్యగారికి కబురే అందదు, మనం తెలిసే ఉంటుందని అనుకుంటాం. ఈ వారమే ఫోను చేసి, మీ నాన్నగారు ఏ పూట మెలకువగా, తేటగా ఉంటారో, గట్టి రొట్టె మింగగలరో లేదో కూడా ముందే చెప్పండి.